బెంజి బండికి దారి చూపిన బెర్తా

విజయవాడ వెళ్లినవాళ్లకి బెంజి సర్కిల్ తెలియకుండా ఉండదు. బస్సు కండక్టర్లు కేకేసే పేరు, ఆటోవాళ్లు బేరం మొదలుపెట్టే పేరు. కాస్త పెద్దవాళ్లనడిగితే బెంజి లారీల సంగతి కూడా చెబుతారు. 1954లో టాటావారు జర్మనీలోని డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలిసి లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. 1969 దాకా ఆ ఒప్పందం సాగింది. ఆ రోజుల్లో మన రోడ్ల మీద బస్తాలు మోసిన ఆ లారీల ముందుభాగాన మూడు కొనల నక్షత్రం మెరుస్తుండేది. ఇక బెంజి కారంటే చెప్పేదేముంది! మన సినిమాల్లో హీరోయిన్ గారి నాన్న దర్జాగా దిగేది అందులోంచే కదా.

ఇంతకీ ఆ బెంజి ఎవరు? కార్ల్ బెంజ్ అనే జర్మన్ ఇంజనీరు అని పిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఉంటుంది. పెట్రోలు ఇంజనుతో నడిచే బండికి 1886లో పేటెంటు కోరింది ఆయనే. కాదని నేననను. కానీ ఆయన కథ చదువుతున్నకొద్దీ నాకు ఆ పక్కనే ఇంకో మనిషి కనబడుతూ వచ్చింది. వర్క్‌షాపు మూతపడబోతుంటే డబ్బు పెట్టింది ఆమె. ఎవరూ కొనని బండిని వంద కిలోమీటర్లకు పైగా తీసుకెళ్లి, ఇది పనికొచ్చే వస్తువేనని చూపించింది ఆమె. దారిలో లోపాలు పట్టుకుని, ఇంటికొచ్చి చెప్పి, బాగు చేయించిందీ ఆమే. పేటెంటు కాగితం మీద మాత్రం ఆమె పేరు లేదు.

ఆవిడే బెర్తా బెంజ్.

మళ్లీ ఆడపిల్లేనా!

బెర్తా 1849 మే 3న జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్ అనే ఊళ్లో పుట్టింది. నగల తయారీకి పేరుపడ్డ ఊరది. తండ్రి కార్ల్ ఫ్రెడరిక్ రింగర్ వడ్రంగం పనితో మొదలుపెట్టి, ఇళ్లు కట్టించే మేస్త్రీగా బాగా సంపాదించినవాడు. కలిగిన ఇల్లే. అయితే ఈ పిల్ల పుట్టినప్పుడు ఇంట్లోని బైబిల్లో, పుట్టినరోజులు రాసుకునే పేజీలో, దురదృష్టవశాత్తూ మళ్లీ ఆడపిల్లే అన్న అర్థం వచ్చేలా రాసి పెట్టారట. చాలా ఏళ్ల తర్వాత ఆ రాత బెర్తా కంట పడిందనీ, ఆ మాట ఆమె మనసులో గుచ్చుకుని ఉండిపోయిందనీ చెబుతారు. దేశం ఏదైతేనేం! పురిటిగది బయట వినబడే నిట్టూర్పు మాత్రం ఒకటే అనిపించింది నాకిది చదివినప్పుడు.

ఆ రోజుల్లో జర్మనీలో ఆడపిల్లలకి విశ్వవిద్యాలయం తలుపులు మూసే ఉండేవి. కలిగినవారి పిల్లలు కూడా కాస్త చదువు, కుట్టుపని, ఇంటిపని నేర్చుకుని పెళ్లికి సిద్ధం కావలసిందే. బెర్తాకి యంత్రాలంటే ఆసక్తి. రైలింజను ఎలా నడుస్తుందో తండ్రిని అడిగి చెప్పించుకునేదట.

1869లో ఒకరోజు ఫోర్ట్స్‌హైమ్‌లోని ఓ సంఘంవాళ్లు విహారయాత్రకు వెళ్లారు. తల్లితో పాటు బెర్తా కూడా వెళ్లింది. అక్కడే కార్ల్ బెంజ్ పరిచయమయ్యాడు. ఆయనది పేద కుటుంబం. రైలింజను డ్రైవరైన తండ్రి, కార్ల్‌కి రెండేళ్లప్పుడే న్యుమోనియాతో పోయాడు. తల్లి జోసెఫిన్ ఒంటిచేత్తో, నానా అవస్థలూ పడి, కొడుకును కార్ల్స్‌రూహెలో ఇంజనీరింగు చదివించింది. అప్పటికి ఆయన చేతిలో ఆస్తి లేదు, సరైన ఉద్యోగం లేదు. ఉన్నదల్లా ఒక పిచ్చి. గుర్రం లేకుండా తనంతట తాను నడిచే బండి చేయాలి! పెళ్లికొడుకుగా చూస్తే ఏ తండ్రికీ నచ్చే సంబంధం కాదు. బెర్తాకి మాత్రం ఆ పిచ్చే నచ్చింది.

కట్నం వర్క్‌షాపుకి పోయింది

కట్నం అన్న మాట వినగానే మనకి ఒళ్లు మండుతుంది. బెర్తా కట్నం కథ వేరు. 1871లో కార్ల్ మాన్‌హైమ్ నగరంలో ఆగస్ట్ రిట్టర్ అనే భాగస్వామితో కలిసి చిన్న ఇనుప సామాన్ల వర్క్‌షాపు పెట్టాడు. కొద్దికాలానికే ఆ భాగస్వామిని నమ్ముకోలేమని తేలిపోయింది. వ్యాపారం మునిగే స్థితికి వచ్చింది. అప్పుడు బెర్తా ఏం చేసిందో చూడండి. పెళ్లప్పుడు తనకి రావలసిన కట్నం డబ్బు పెళ్లికి ముందే ఇచ్చేయమని తండ్రిని అడిగింది. ఆ డబ్బుతో రిట్టర్ వాటా కొనేశారు. వర్క్‌షాపు నిలబడింది. 1872 జూలై 20న పెళ్లి జరిగింది.

ఇక్కడొక సంగతి గమనించాలి. పెళ్లికి ముందు బెర్తా తన డబ్బు తాను నమ్మిన పనిలో పెట్టిన మనిషి. పెళ్లి జరిగిన మరుక్షణం నుంచి, ఆనాటి చట్టాల ప్రకారం, ఆస్తి మీద పెత్తనం భర్తదే. పెట్టుబడి ఆమెది, పేరు ఆయనది. ఆయన చెడ్డవాడై అలా జరగలేదు. చట్టమే అలా ఉంది.

తర్వాతి కాలం సుఖంగా గడిచిందనుకునేరు! అప్పులు పెరిగాయి. 1877లో అప్పులవాళ్లు వర్క్‌షాపు మీదికి వచ్చారు. అప్పటికి ఇంట్లో ముగ్గురు పిల్లలు: యూజెన్, రిచర్డ్, క్లారా. ఆ తర్వాత థిల్డ్, ఎల్లెన్ పుట్టారు. ఇల్లు గడవడమే కష్టం. అయినా కార్ల్ ఇంజను పని మానలేదు. మానమని బెర్తా అనలేదు.

నాలుగు స్ట్రోకుల ఇంజనుకి నికొలాస్ ఆటో అనే ఆయన పేటెంటు అడ్డంగా ఉండటంతో, కార్ల్ రెండు స్ట్రోకుల ఇంజను మీద పడ్డాడు. ఎంత ప్రయత్నించినా అది నడిచేది కాదు. 1879 డిసెంబరు 31 రాత్రి. లోకమంతా కొత్త సంవత్సరం సంబరాల్లో ఉంది. రాత్రి భోజనం అయ్యాక బెర్తా భర్తని బయల్దేరదీసింది. ఇంకొక్కసారి వర్క్‌షాపుకి వెళ్లి చూద్దామంది. ఇద్దరూ వెళ్లారు. ఆ రాత్రి ఇంజను అందుకుంది. ఆగకుండా, ఒక లయలో కొట్టుకుంటూ నడిచింది. ఆ చప్పుడు వింటూ ఇద్దరూ చాలాసేపు అక్కడే ఉండిపోయారు. ఊళ్లో చర్చిగంటలు కొత్త సంవత్సరానికి మోగుతుంటే, అవి తమ కోసమే మోగుతున్నట్టు వాళ్లకి తోచిందట.

బండి వచ్చింది, కొనేవాళ్లేరీ?

1883లో సైకిళ్ల వ్యాపారం చేసే మాక్స్ రోజ్, ఎస్లింగర్ అనే ఇద్దరితో కలిసి కార్ల్ బెంజ్ అండ్ కంపెనీ పెట్టాడు. గ్యాసు ఇంజన్లు అమ్ముడుపోవడంతో ఊపిరాడింది. అప్పుడిక తన అసలు కలని బయటికి తీశాడు. 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. నంబరు 37435. ఆ ఏడాది జూలై 3న మాన్‌హైమ్ వీధుల్లో జనం ఎదుట బండి నడిచింది.

ఆ బండి ఎలా ఉండేదనుకుంటున్నారు? మూడు చక్రాలు. ముందు ఒకటి, వెనక రెండు. సైకిలుకి ఉన్నట్టు చువ్వలు. ఇద్దరు ఇరుకుగా కూర్చునే సీటు. సీటు వెనక ఒకే ఒక్క సిలిండరున్న ఇంజను. దాని బలం ఒక గుర్రం బలంలో ముప్పావు వంతు! ఇవాళ మన అమ్మాయిలు కాలేజీకి వేసుకెళ్లే స్కూటీకి అంతకు ఎన్నో రెట్లుంటుంది. తాళంచెవి తిప్పితే స్టార్టయ్యేది కాదు. వెనకాల పడుకోబెట్టినట్టున్న పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పాలి. అయితే అది గుర్రపుబండికి ఇంజను తగిలించిన వస్తువు కాదు. ఇంజను, చట్రం, కరెంటుతో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు, అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా కొత్తగా ఆలోచించి చేసిన బండి. కార్ల్ గొప్పతనం అక్కడుంది.

కానీ ఆయనకో బలహీనత ఉంది. పని ఎప్పటికీ పూర్తికాలేదనిపించేది ఆయనకి. ఇంకా ఏదో సరిచేయాలి, ఇంకా ఏదో మార్చాలి. అమ్మే నేర్పు లేదు. జనానికేమో ఆ చప్పుడంటే భయం. గుర్రాలు బెదురుతున్నాయని సణుగుడు. వర్క్‌షాపు చుట్టుపక్కల తిప్పడం, ఏదో ఒకటి పాడవడం, మళ్లీ తోసుకుంటూ రావడం. ఇలా రెండేళ్లు గడిచాయి. ఇంట్లో డబ్బు కరిగిపోతోంది. బండి మాత్రం గుమ్మం దాటడం లేదు.

ఎదురింటివాళ్లు నవ్వుకునే వస్తువులో మన పుట్టింటి డబ్బంతా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. బెర్తాకి ఒకటి అర్థమైంది. ఈ బండి పనికొస్తుందని మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు. ఎక్కి వెళ్లి చూపించాలి.

అమ్మమ్మ ఇంటికి ప్రయాణం

1888 ఆగస్టు నెల మొదట్లో ఒక తెల్లవారుజాము. పిల్లలకి బడి సెలవులు. పదిహేనేళ్ల యూజెన్, పద్నాలుగో ఏడు నడుస్తున్న రిచర్డ్, వాళ్లమ్మ. ముగ్గురూ చప్పుడు చేయకుండా లేచారు. ఫోర్ట్స్‌హైమ్‌లోని అమ్మమ్మ ఇంటికి వెళుతున్నామని చీటీ రాసి పెట్టారు. దేనిలో వెళుతున్నారో మాత్రం అందులో రాయలేదంటారు. ఇంజను చప్పుడుకి కార్ల్ లేస్తాడేమోనని, బండిని కొంతదూరం చేతులతో తోసుకెళ్లి అక్కడ స్టార్ట్ చేశారు.

మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి వాళ్లు వెళ్లిన దారిన దాదాపు 105 కిలోమీటర్లు. అప్పటిదాకా ఇలాంటి బండి అంత దూరం వెళ్లింది లేదు. అవి గుర్రపుబండ్లకోసం వేసిన దారులు. పెట్రోలు బంకులు లేవు. మెకానిక్కులు లేరు. దారిలో ఆగిపోతే బాగుచేయడం తెలిసినవాళ్లు ఆ ముగ్గురే.

నాకు ఈ ప్రయాణంలో బాగా నచ్చినది ఆ ధైర్యం ఒక్కటే కాదు. దారిలో ఎదురైన ఒక్కో చిక్కునీ ఆమె విప్పుకున్న తీరు. అదంతా వంటింట్లో, కుట్టుగదిలో చేయి తిరిగిన మనిషి చేసే పని!

మొదట నీళ్ల గొడవ. ఆ ఇంజనుకి రేడియేటరు లేదు. ఇంజను చుట్టూ ఉన్న నీళ్లు మరిగి ఆవిరైపోతుంటే అదే చల్లదనం. అంటే పొయ్యి మీద ఎసరు చూసుకుంటున్నట్టే, అడుగంటక ముందే నీళ్లు పోస్తూ ఉండాలి. బావి కనబడినా, వాగు కనబడినా, సత్రం కనబడినా ఆగడం, నీళ్లు పట్టుకుని పోయడం.

తర్వాత ఇంధనం. బండిలో పట్టేదే నాలుగున్నర లీటర్లు. వీస్‌లోహ్ అనే ఊరికి వచ్చేసరికి అడుగంటింది. ఆ ఇంజను తాగేది లిగ్రాయిన్ అనే పలచటి నూనె. బట్టల మీద మరకలు పోగొట్టడానికి వాడేవారు దాన్ని. అమ్మేది మందుల షాపులో! బెర్తా నేరుగా ఊళ్లోని మందుల షాపుకి వెళ్లి, షాపాయన విల్లీ ఓకెల్ దగ్గర ఉన్న లిగ్రాయిన్ కొనేసింది. గౌను మీద మరక పడిందేమో పాపం అనుకుని ఉంటాడాయన. ఆ షాపునే ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు అని ఇప్పుడు చెప్పుకుంటున్నారు.

కాసేపటికి ఇంధనం వచ్చే సన్నని గొట్టంలో నలక అడ్డుపడింది. ఇంజను దగ్గి ఆగిపోయింది. పంపుస్టవ్ మీద వంట చేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బర్నరు కన్నం మూసుకుపోతే పిన్ను పెట్టి పొడవడం మనకు తెలిసిన విద్యే. బెర్తా కూడా అదే చేసింది. టోపీ జారకుండా జుట్టులోకి గుచ్చుకునే పొడవాటి పిన్ను లాగి, గొట్టంలోకి దూర్చి నలక తీసేసింది. ఇంకోచోట నిప్పురవ్వ ఇచ్చే తీగ పైపూత అరిగిపోయి కరెంటు పక్కకి పోతోంది. మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ విప్పి ఆ తీగకి చుట్టేసింది. బండి మళ్లీ నడిచింది.

చక్రాన్ని తిప్పే గొలుసు సాగిపోయి ఊడుతుంటే బ్రుఖ్‌జాల్‌లో కమ్మరి చేత బిగింపజేసింది. ఎత్తుపల్లాలొచ్చేసరికి అసలు పరీక్ష మొదలైంది. బండికి కొండ ఎక్కే సత్తువ లేదు. ఒకరు చుక్కాని లాంటి పిడి పట్టుకుంటే, మిగతావాళ్లు దిగి తోసేవారు. విల్ఫర్డింగన్ దగ్గర ఎత్తు ఎక్కించడానికి ఒళ్లు హూనమైంది.

ఎక్కడం ఒక బాధ అయితే దిగడం ఇంకో బాధ. బ్రేకులు చెక్కతో చేసిన దిమ్మలు. చక్రానికి రాసుకుని రాసుకుని అరిగిపోయాయి. వాలులో బండి ఆగకపోతే పిల్లలతో సహా ఏమైపోతారు? బెర్తా బౌష్‌లోట్ అనే ఊళ్లో చెప్పులు కుట్టే ఆయన దగ్గరకెళ్లి, ఆ చెక్కదిమ్మల మీద తోలుముక్కలు కొట్టించింది. అంతే! అరిగితే మార్చుకునే పొర, అసలు దిమ్మ భద్రం. ఇవాళ మన స్కూటర్లకీ కార్లకీ వేయించుకునే బ్రేక్ లైనింగుకి మొదటి రూపం అదే.

చీకటి పడ్డాక, దుమ్ము కొట్టుకుపోయి, ముగ్గురూ ఫోర్ట్స్‌హైమ్ చేరారు. క్షేమంగా చేరామని బెర్తా భర్తకి టెలిగ్రాం ఇచ్చింది. కొద్దిరోజుల తర్వాత వేరే దారిన, అదే బండిలో మాన్‌హైమ్ తిరిగొచ్చారు. ఈ ప్రయాణం ఆలోచన అసలు పిల్లలదేనని కూడా అంటారు. ఈ వివరాల్లో చాలా వాటిని కుటుంబమే గుర్తుపెట్టుకుని చెప్పింది. ఆలోచన ఎవరిదైనా, బాధ్యత తల్లిది. తేడా వస్తే లోకం వేలెత్తి చూపేది ఆమెనే.

ఆమె చెప్పిన లోపాలు, ఆయన చేసిన మార్పులు

ఇంటికొచ్చాక బెర్తా, పిల్లలూ కార్ల్‌కి వివరంగా చెప్పారు. కొండ ఎక్కడం లేదు, ఇంకో గేరు కావాలి. బ్రేకు చాలడం లేదు. కార్ల్ విన్నాడు. ఎత్తులెక్కడానికి తక్కువ వేగపు గేరు చేర్చాడు. వినే మనసున్న మనిషి కాబట్టే ఆ ప్రయాణానికి ఫలితం దక్కింది. అదే సంవత్సరం మ్యూనిక్‌లో జరిగిన యంత్రాల ప్రదర్శనలో బెంజ్ బండికి బంగారు పతకం వచ్చింది. మరుసటేడు పారిస్ ప్రదర్శనకీ వెళ్లింది.

ఆ తర్వాత కంపెనీ దశ తిరిగింది. 1893లో విక్టోరియా అనే నాలుగు చక్రాల బండి వచ్చింది. అన్నాళ్లూ ముందు ఒకే చక్రం పెట్టడానికి కారణం, రెండు చక్రాలను సరిగా మలుపు తిప్పే ఉపాయం కార్ల్‌కి కుదరకపోవడమే. అది కుదిరింది, పేటెంటు కూడా వచ్చింది. 1894లో వచ్చిన వెలో అనే చిన్న బండి 1,200 దాకా తయారైంది. 1899 ఒక్క ఏడాదిలోనే కంపెనీ 572 బండ్లు చేసింది. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద కార్ల కంపెనీ ఇంకొకటి లేదు. పదకొండేళ్ల క్రితం తెల్లవారుజామున దొంగతనంగా తోసుకెళ్లిన బండి ఎంతదూరం వచ్చిందో చూడండి!

మెర్సిడెస్ కూడా ఆడపిల్ల పేరే

బెంజ్ పేరు పక్కన మెర్సిడెస్ ఎందుకొచ్చిందో చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. స్టుట్‌గార్ట్ దగ్గర గాట్లీబ్ డైమ్లర్ అనే ఇంకో ఇంజనీరు స్థాపించిన కంపెనీ ఉండేది. బెంజ్‌కి అది పోటీ. ఆ కార్లు అమ్మే ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారికి 1889లో పుట్టిన కూతురు పేరు మెర్సిడెస్. కూతురి పేరంటే ఆయనకి అదృష్టమని నమ్మకం. 1899లో కార్ల పందేల్లో ఆ పేరుతోనే పాల్గొన్నాడు. తర్వాత తాను కోరినట్టు తయారైన కొత్త కారుకి ఆ పేరే పెట్టించాడు. 1902లో అది ట్రేడ్‌మార్కు అయింది. 1903లో ఆయన తన ఇంటిపేరుకే కూతురి పేరు చేర్చుకున్నాడు. పుట్టినప్పుడు నిట్టూర్చిన తండ్రి ఒకరు, కూతురి పేరు పెట్టుకున్న తండ్రి ఇంకొకరు. 1926లో రెండు కంపెనీలు ఒకటయ్యాయి. కార్ల పేరు మెర్సిడెస్-బెంజ్ అయింది. ఆ మెర్సిడెస్ 39 ఏళ్లకే, 1929లో వియన్నాలో కన్నుమూసింది. పేరు మాత్రం కోట్ల కార్ల మీద తిరుగుతోంది.

విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు తయారుచేసిన ఆ మొదటి మెర్సిడెస్ కారులో తేనెతుట్టె లాంటి రేడియేటరుంది. 8 వేలకు పైగా సన్నని గొట్టాల గుండా గాలి వెళ్లి నీళ్లని చల్లారుస్తుంది. అవే నీళ్లు మళ్లీ మళ్లీ పనికొస్తాయి. బావి బావికీ ఆగే అవసరం తీరింది. అది మేబాక్ తెలివే, బెర్తాది కాదు. కానీ 1888లో ఆమె పడ్డ అవస్థలన్నీ ఒక జాబితాగా రాసుకుని చూస్తే, తర్వాత వందేళ్లలో ఈ కంపెనీ ఇంజనీర్లు కూర్చుని తలలు పట్టుకున్న విషయాలే అందులో కనబడతాయి. చల్లార్చడం, ఎత్తెక్కడం, వాలులో ఆగడం, లోపలివాళ్లు క్షేమంగా ఇల్లు చేరడం.

ముఖ్యంగా ఆగడం. చెక్కదిమ్మకి తోలు కొట్టించిన 90 ఏళ్లకి, 1978లో, మెర్సిడెస్ బెంజ్ వాళ్లు బాష్ కంపెనీతో కలిసి ఎస్ క్లాసు కారులో ఎ.బి.ఎస్. అనే బ్రేకుల ఏర్పాటు తెచ్చారు. తడిరోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి కారు జారిపోతుంది. స్టీరింగు తిప్పినా మాట వినదు. ఈ ఏర్పాటులో ప్రతి చక్రం ఎలా తిరుగుతోందో కనిపెట్టి, బిగుసుకోబోయే క్షణంలో బ్రేకుని క్షణానికి ఎన్నోసార్లు వదులుతూ పడుతూ ఉంటుంది. కారు అదుపు తప్పదు. అంతకుముందే, బేలా బారెన్యీ అనే ఇంజనీరు ఢీకొన్నప్పుడు కారు ముందూ వెనకా నలిగిపోతూ ఆ దెబ్బని తామే మింగేయాలనీ, మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా నిలవాలనీ ఆలోచించాడు. ఆ ఆలోచనతో 1959లో కారు వచ్చింది. అదే సంవత్సరం కార్లని కావాలని గుద్ది చూసే పరీక్షలూ మొదలుపెట్టారు. 1981లో ఎయిర్ బ్యాగు వచ్చింది. ఇవాళ ఏ కారైనా అమ్మకానికి రాకముందు ఎండల్లో, మంచుల్లో, కొండల్లో వేల కిలోమీటర్లు నడిపి లోపాలు వెతుకుతారు. అందుకు పెద్ద పెద్ద విభాగాలున్నాయి, జీతాలున్నాయి. మొదట ఆ పని చేసిన మనిషి జీతం లేని ఇల్లాలు.

చివరి రోజులు

పెద్ద కంపెనీలో కార్ల్‌కి సుఖం లేకపోయింది. అభిప్రాయ భేదాలతో 1903లో పక్కకు తప్పుకున్నాడు. 1906లో దగ్గర్లోని లాడెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్లో కొడుకుల కోసం మరో కంపెనీ పెట్టారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో నోట్ల కట్టలకి విలువ లేకుండా పోయినప్పుడు వాళ్లు దాచుకున్నదీ కరిగిపోయింది. 1925లో కార్ల్ తన జీవితకథ రాసుకున్నాడు. అందరూ వదిలేసిన రోజుల్లో తనతో నిలిచింది బెర్తా ఒక్కతేనని అందులో మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. 1929 ఏప్రిల్ 4న ఆయన పోయాడు.

బెర్తా ఆ తర్వాత పదిహేనేళ్లు బతికింది. 1944 మే 3న ఆమెకి 95 ఏళ్లు నిండాయి. ఆరోజు కార్ల్స్‌రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం ఆమెని గౌరవ సెనేటరుగా ప్రకటించింది. కార్ల్ చదువుకున్న విద్యాసంస్థే అది. ఆమె ఈడు ఆడపిల్లలని గుమ్మంలోకి కూడా రానివ్వని చదువులవి. ఆ గౌరవం అందుకున్న రెండు రోజులకే, మే 5న, బెర్తా కన్నుమూసింది.

2008లో ఆమె వెళ్లొచ్చిన దారికి ఆమె పేరుతో గుర్తులు పెట్టారు. రానూపోనూ 194 కిలోమీటర్ల దారి. అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కార్ల్ పేరు 1984లో చేరితే, బెర్తా పేరు చేరడానికి 2016 దాకా పట్టింది.

ఇదంతా చదివాక నాకు మన ఇళ్లే గుర్తొచ్చాయి. గాజులు అమ్మి భర్త చేత కిరాణా కొట్టు పెట్టించిన ఆడవాళ్లు, పుస్తెలతాడు తాకట్టు పెట్టి మగ్గం కొనిపించిన ఆడవాళ్లు, పొలం కోసం పుట్టింటి డబ్బు తెచ్చిన ఆడవాళ్లు ఎందరు! కొట్టు బోర్డు మీద వాళ్ల పేరుండదు. పట్టాదారు పుస్తకంలో ఉండదు. బ్యాంకు కాగితాల్లో సంతకం మాత్రం పెట్టించుకుంటారు. అడిగితే, ఇంటికోసమే కదా అంటారు. నిజమే, ఇంటికోసమే. బెర్తా కూడా ఇంటికోసమే చేసింది. కానీ ఎవరు ఎంత పెట్టారో, ఎవరు ఏం కనిపెట్టారో రాసిపెట్టుకోవడంలో తప్పేముంది? కార్ల్ తన పుస్తకంలో ఆ నాలుగు ముక్కలూ రాసి ఉండకపోతే, టోపీ పిన్నూ తోలుముక్కా మనదాకా వచ్చేవి కావు.

అమ్మో, అమ్మమ్మో ఇంటికోసం ఏం పెట్టిందో మీ ఇంట్లో తెలిసినవాళ్లుంటే, ఈ ఆదివారం కూర్చోబెట్టి అడగండి. పిల్లల చేత ఒక నోటు పుస్తకంలో రాయించండి. పేరుతో సహా.